పారలాక్స్ నుంచి నక్షత్ర దూరం: నేను లెక్క కట్టే తీరు

నక్షత్రాల స్థానాలు కొలిచిన గయా ఉపగ్రహం మూడో విడత డేటా (2022 జూన్)లో దాదాపు 146 కోట్ల నక్షత్రాలకు పారలాక్స్ (భూమి సూర్యుడి చుట్టూ తిరగడం వల్ల నక్షత్రం పక్కకు జరిగినట్టు కనిపించే చిన్న కోణం) దొరుకుతుంది. మిల్లీ ఆర్క్‌సెకండ్లలో (ఆర్క్‌సెకండ్ అంటే డిగ్రీలో 3600వ వంతు, మిల్లీ అంటే అందులో వెయ్యో వంతు) ఉన్న ఆ అంకెతో 1000ని భాగిస్తే దూరం పార్సెక్కుల్లో (ఒక్కోటి సుమారు 3.26 కాంతి సంవత్సరాలు) వచ్చేస్తుంది. దోషం (కొలతలోని అనిశ్చితి) పారలాక్స్‌లో పదో వంతు లోపే ఉంటే నేనూ ఇంతకు మించి చెయ్యను. చిక్కంతా మిగతావాటితోనే.

ముందు ఏరివేత. ఆర్‌యూడబ్ల్యూఈ (కొలతలు ఒంటరి నక్షత్రపు కదలికకు ఎంత సరిపోయాయో చెప్పే అంకె) కాలమ్‌లో విలువ 1.4 దాటితే అది జంట నక్షత్రం కావచ్చు, పక్కన పెడతాను. తర్వాత సున్నా సవరణ. క్వేజార్లు (సుదూర గెలాక్సీల మెరిసే కేంద్రాలు) ఎంత దూరానివంటే వాటి పారలాక్స్ సున్నా రావాలి, కానీ సగటున −0.017 మిల్లీ ఆర్క్‌సెకండ్లు వస్తోంది. అందుకని అంత కలుపుతాను (నిజానికి ఇది రంగును, ప్రకాశాన్ని బట్టి మారుతుంది). 0.25 ఉన్న నక్షత్రం దీంతోనే 4000 పార్సెక్కుల నుంచి 3745కి జరుగుతుంది.

ఇప్పుడు పారలాక్స్ 0.5, దోషం 0.2 అనుకుందాం. మసక నక్షత్రాలకు ఇది మామూలే. భాగిస్తే 2000 పార్సెక్కులు. దోషాన్ని కలిపి ఒకసారి, తీసేసి ఒకసారి భాగిస్తే 1430, 3330. రెండింతల దోషం తీసేస్తే ఏకంగా 10,000. ఇలాంటిదాన్ని ‘2000 ± 800’ అని రాయడం చదివేవాళ్లను తప్పుదారి పట్టించడమే. పారలాక్స్ నెగటివ్ వస్తే భాగహారానికి అర్థమే ఉండదు. అలాగని నెగటివ్‌లను తీసిపారేస్తే ఇంకా చేటు: దూరపు నక్షత్రాల్లో పారలాక్స్ ఎక్కువగా నమోదైనవే మిగిలి, అన్నీ దగ్గరున్నట్టు కనిపిస్తాయి.

అందుకే బేయస్ పద్ధతి: కొలతతో పాటు, దూరాల గురించి ముందే ఉన్న అంచనాను (ప్రయర్) కూడా కలిపి ఏ దూరానికి ఎంత అవకాశముందో చూడటం. ప్రయర్‌గా దూరం వర్గాన్ని (స్క్వేర్), ఎక్స్‌పొనెన్షియల్‌గా పడిపోయే పదంతో గుణించి వాడతాను. ఆ పడిపోయే పొడవు 1350 పార్సెక్కులు పెడితే పై నక్షత్రానికి శిఖరం (ఎక్కువ అవకాశమున్న దూరం) 2150 దగ్గర వస్తుంది. అదే దోషంతో పారలాక్స్ −0.1 అయినా 4840 అని జవాబొస్తుంది. దాన్ని నమ్మాలా? పొడవు 2000కి మార్చి చూస్తాను. మొదటిది 2370కి కదులుతుంది, రెండోది 6140కి ఎగురుతుంది. అంటే రెండోదాంట్లో మాట్లాడుతున్నది ఎక్కువగా ప్రయరే.

కాంతి, వ్యాసార్థం లెక్కకు శిఖరం ఒక్కటే తీసుకోను. దూరం 10 శాతం ఎక్కువని తేలితే, లెక్కలో వచ్చే నక్షత్రపు అసలు కాంతి 21 శాతం పెరుగుతుంది. పోస్టీరియర్ (ప్రయర్, కొలత కలిపాక ఒక్కో దూరానికి వచ్చే అవకాశం) నుంచి వేల నమూనాలు తీసి, ఒక్కోదానికీ ఆ దూరం వరకు ఉన్న ధూళి కాంతిని తగ్గించినందుకు సవరణ విడిగా వేస్తాను.

నక్షత్ర గుచ్ఛమైతే ముందు పారలాక్స్‌ల భారిత సగటు (దోషం తక్కువున్నవాటికి ఎక్కువ బరువు), ఆ తర్వాతే ఒక్క భాగహారం. ఎన్ని నక్షత్రాలు చేర్చినా దోషం 0.01 చుట్టుపక్కల ఆగిపోతుంది, ఎందుకంటే పక్కపక్క నక్షత్రాల దోషాలు ఒకే వైపు మొగ్గుతాయి.