మాంటెరేలో చూసింది, మన వైజాగ్‌కి కావాల్సింది

అమెరికాలో శాన్‌హోసేలో ఉండే మా చెల్లి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు అక్కడి సముద్రపు ఒడ్డున ఉన్న మాంటెరే బే అక్వేరియంకి తీసుకెళ్ళింది. అందరూ జెల్లీఫిష్‌ల దగ్గర ఫొటోలు దిగుతుంటే నేను మాత్రం పాత బాయిలర్ల దగ్గరే నిలబడిపోయా. అక్కడ ఒకప్పుడు సార్డిన్ చేపల్ని డబ్బాల్లో పెట్టే ఫ్యాక్టరీ ఉండేదంట, సముద్రంలో చేపలే కరువైపోయాక 1973లో మూతపడింది, 1984లో అదే జాగాలో అక్వేరియం తెరిచారు, ఆ బాయిలర్లని అలాగే ఉంచేశారు.

నాకు బాగా పట్టేసింది మాత్రం నీళ్ళ సంగతి. బే నుంచి, అంటే పక్కనున్న సముద్రం నుంచే, నేరుగా పంపు చేసుకుంటారు, పగలు జనం చూడాలి కాబట్టి ఫిల్టర్ చేస్తారు, రాత్రి ఫిల్టర్ లేకుండా వదిలేస్తారు, అప్పుడు నీళ్ళతో పాటు కొట్టుకొచ్చే ప్లాంక్టన్ అనే సన్నటి జీవులే లోపలి జీవాలకి తిండి, ఇంకా పిల్ల దశలో ఉన్న కొన్ని బుల్లి లార్వాలైతే గోడలకి అంటుకుని అక్కడే పెరిగిపోతాయి. కెల్ప్ అనే నాచు మొక్కలుండే 28 అడుగుల ట్యాంకుకి పైన కప్పే లేదు, ఎండ నేరుగా పడుద్ది. అంటే సగం పని సముద్రం, సూర్యుడే చేసేస్తున్నాయి!

అప్పట్నుంచీ వైజాగ్‌లో ఇలాంటి సముద్ర మ్యూజియం కడితే ఎలా ఉండాలా అని ఒకటే ఆలోచన. మనకి కురుసుర ఉంది, 1969 నుంచి 2001 దాకా నేవీలో పనిచేసిన సబ్‌మెరైన్, తుక్కు కింద అమ్మేయకుండా ఒడ్డుకి తెచ్చి 2002లో మ్యూజియం చేశారు, నా దృష్టిలో అది చాలా మంచి పని. కొత్తది కడితే మాత్రం గాజు గోడలూ ఏసీలూ వద్దు. పెదవాల్తేరులో మా ఇంట్లో ఉప్పుగాలికి కిటికీ ఊచలు తుప్పు పట్టేసేవి, లోపల రాడ్లు ఉబ్బి స్లాబ్ పెచ్చులు ఊడి పడేవి. అందుకే ఇనుము తక్కువ, సున్నం, పెంకులు, మందపాటి గోడలు, గాలి ఆడే వరండాలు. ఇసుక మీద అసలు కట్టకూడదు, బీచ్ ఇప్పటికే కోసుకుపోతోంది, బీచ్ రోడ్డుకి ఇవతల, ఊరి వైపే ఉండాలి.

ఇంకోటి లైట్లు. సంక్రాంతి దాటాక ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు మన ఒడ్డుకి గుడ్లు పెట్టడానికి వస్తాయి కదా, గుడ్లలోంచి తాబేలు పిల్లలు బయటికొచ్చాక ఎటు వెలుతురుంటే అటే పాకుతాయి, సముద్రం అనుకుని రోడ్డు మీదకి వచ్చేస్తాయి పాపం. ఆ సీజన్‌లో చీకటి పడకముందే మ్యూజియం మూసేసి లైట్లన్నీ ఆర్పేయాలి. టికెట్ ఆదాయం కొంచెం తగ్గుద్ది, తగ్గనీ.