బ్యాటరీ పనికి మల్టీమీటర్: ఫిబ్రవరి నుంచి మే దాకా

ఫిబ్రవరి

అనంతపురం పక్కన మా బావ వాళ్ల తోటలో మోటారు షెడ్డుకు ఒక సోలార్ దీపం తయారుచేస్తున్నాను. పాత లాప్‌టాప్ బ్యాటరీలు విప్పి తీసిన 18650 రకం లిథియం అయాన్ సెల్లులు, వాటిని నింపే టీపీ4056 ఛార్జింగ్ బోర్డులు, 12 వోల్టుల 7 ఏహెచ్ (ఆంపియర్ గంటల) లెడ్ యాసిడ్ బ్యాటరీ ఒకటి పోగుచేశాను. కొలవడానికి ఉన్నది పసుపు రంగు డీటీ-830డీ మీటరు. రెండు మూడు వందలకు ఏ ఎలక్ట్రికల్ కొట్లోనైనా దొరికే రకం. దాన్ని తక్కువ చేసి మాట్లాడను. తీగ తెగిందా, డయోడు బాగుందా, ప్లస్ ఏది మైనస్ ఏది అన్న ప్రశ్నలకు ఇంతకాలం అదే జవాబు చెప్పింది.

చిక్కంతా లిథియం సెల్లు పూర్తిగా నిండే 4.20 వోల్టుల దగ్గరే. ఇది 2000 కౌంట్ల మీటరు, అంటే తెర మీద 1999 దాటి చూపలేదు. 4.20 కొలవాలంటే రేంజిని 20 వోల్టులకు తిప్పాలి, అక్కడ చివరి అంకె విలువ 10 మిల్లీవోల్టులు. ఖచ్చితత్వం 0.5 శాతం, దానిపైన చివరి స్థానంలో మరో 2 అంకెలు, అంటే 20 మిల్లీవోల్టులు. లెక్కవేస్తే 4.20 మీద అటూ ఇటూ 0.04 వోల్టు. మీటరు 4.20 చూపినప్పుడు సెల్లులో ఉన్నది 4.16 కావచ్చు, 4.24 కావచ్చు. మామూలు లిథియం అయాన్ సెల్లుకు పైహద్దు 4.20, దాని మీద సాధారణంగా ఒప్పుకునే తేడా 0.05. ఆ కాస్త వెసులుబాటును దాదాపు మీటరే మింగేస్తే ఛార్జరు సరిగ్గా ఆపుతోందో లేదో దేనితో తేల్చాలి? టీపీ4056 బోర్డుకే 1.5 శాతం తేడా ఉండవచ్చని దాని తయారీ వివరాల్లో ఉంది. అంటే 4.26 దాకా పోవచ్చు.

మార్చి

కొత్త మీటరు కొనడానికి రెండో కారణం బ్యాటరీ మట్టం చూపే సర్క్యూట్‌లో బయటపడింది. రెండు 100 కిలో ఓముల రెసిస్టర్లతో సెల్లు వోల్టేజిని సగం చేసి మైక్రోకంట్రోలరుకు (కోడ్‌తో నడిచే చిన్న చిప్పుకు) ఇస్తున్నాను. 4.20కి మధ్య బిందువులో 2.10 రావాలి. డీటీ-830డీ అక్కడ 2.00 చూపింది. సర్క్యూట్‌లో లోపమేమీ లేదు. ఈ మీటరు లోపలి నిరోధం 1 మెగా ఓము మాత్రమే. ప్రోబు (మీటరు తీగ మొన) ఆనించగానే కింది రెసిస్టరుకు సమాంతరంగా అదీ ఒక రెసిస్టరై కూర్చుంటుంది. 10 మెగా ఓముల మీటరైతే అక్కడే 2.09 చూపుతుంది. చాలామంది కోడ్‌లో తప్పు వెతుక్కునేది ఇలాంటి చోటే అనిపిస్తుంది.

కాబట్టి కొత్త మీటరుకు నేను పెట్టుకున్న షరతులు ఇవీ: కనీసం 6000 కౌంట్లు, 10 మెగా ఓముల నిరోధం, మిల్లీవోల్టుల రేంజి, రెండు కరెంటు రేంజిలకూ ఫ్యూజు. 6000 కౌంట్లయితే 4.197 అని మూడు దశాంశాలు కనిపిస్తాయి. కానీ అంకెలు ఎక్కువైనంత మాత్రాన నిజం ఎక్కువైనట్టు కాదు. ఖచ్చితత్వం శాతం విడిగా చూసుకోవాలి. ట్రూ ఆర్‌ఎంఎస్ అని పెట్టె మీద పెద్ద అక్షరాలతో వేస్తారు, అది ఏసీకి సంబంధించిన సంగతి. బ్యాటరీ డీసీకి దానితో పని లేదు. ఉష్ణోగ్రత, ట్రాన్సిస్టర్ పరీక్ష లాంటివి ఉంటే మంచిదే, వాటి కోసం డబ్బు పెట్టను.

ఫ్లూక్ 101 కూడా చూశాను. 6000 కౌంట్లు, భద్రత బాగుంది, కరెంటు కొలిచే రేంజి అసలు లేదు. ధర నా లెక్కకు మించింది. క్లాంప్ మీటరు (తీగ చుట్టూ దవడలు పట్టించి కరెంటు కొలిచేది) కొనాలనుకునేవాళ్లకు ఒక మాట: తక్కువ ధరలో దొరికే క్లాంప్‌లలో చాలా వాటి దవడలు ఏసీ కరెంటునే కొలుస్తాయి. బ్యాటరీ తీగకు తగిలిస్తే సున్నా చూపుతాయి. డీసీ ఆంపియర్లు అని స్పష్టంగా రాసి ఉంటేనే కొనండి. చివరికి పదిహేను వందల లోపు రేంజిని తనే ఎంచుకునే ఒక ఆటో రేంజి మీటరు తీసుకున్నాను.

ఏప్రిల్

మీటరు మాట నమ్మాలంటే దానికీ పరీక్ష ఉండాలి. మీటర్లను సరిచూసుకోవడానికి స్థిరమైన వోల్టేజి ఇచ్చే ఏడీ584 రిఫరెన్స్ బోర్డు ఒకటి తెప్పించాను. 2.5, 5, 7.5, 10 వోల్టులు ఇస్తుంది. 5 వోల్టుల దగ్గర కొత్త మీటరు 5.003, పాతది 5.04 చూపాయి. రెండూ వాటి హద్దుల్లోనే ఉన్నాయి. ఆ తేడాలు చీటీ మీద రాసి ఒక్కోదాని వెనక అంటించాను. పాత మీటరులో 9 వోల్టుల బ్యాటరీ బాగా తగ్గిపోతే రీడింగు ఉన్నదానికంటే ఎక్కువగా వస్తుంది, తెర మీద బ్యాటరీ గుర్తు వస్తే వెంటనే మార్చాలి.

ఛార్జింగ్ కరెంటు కొలవడానికి మీటరును వరసలో పెట్టడం మానేశాను. 0.1 ఓము, 5 వాట్ల రెసిస్టరును సెల్లు మైనస్ తీగలో శాశ్వతంగా అతికించి, దాని మీద మిల్లీవోల్టులు చదువుతున్నాను. 1 ఆంపియరుకు 100 మిల్లీవోల్టులు. టీపీ4056 ఛార్జింగ్ ఆపే 100 మిల్లీఆంపియర్ల దగ్గర 10 మిల్లీవోల్టులు. ప్రోబులను రెసిస్టరు కాళ్ల మొదట్లో ఆనించాలి. తీగ మీద ఎక్కడో ఆనిస్తే టంకం, తీగల నిరోధం కూడా కలిసిపోతుంది. ఈ రెసిస్టర్లలో 5 శాతం దాకా తేడా మామూలే కాబట్టి, స్థిరమైన 1 ఆంపియరు పంపి కొత్త మీటరు కరెంటు రేంజితో పోల్చాను. నా దాని విలువ 0.103 అని తేలింది, దాని మీదే మార్కరుతో రాశాను.

ఒకరోజు బావ అడిగాడు, "ఆ పసుపు మీటరు ఎటూ ఖాళీగానే ఉంది కదా, మోటారు స్టార్టరులో మూడు ఫేజులూ వస్తున్నాయో లేదో దానితో చూసుకోనా?"

"వద్దు బావా, దాన్ని స్టార్టరు దగ్గరికి తీసుకెళ్లకండి" అన్నాను. దాని 10 ఆంపియర్ల రంధ్రానికి ఫ్యూజే లేదు. ఎర్ర తీగ అందులో ఉండగా ఎవరైనా ఫేజుల మధ్య పెడితే అది నేరుగా షార్టు. మూడు ఫేజుల పనికి క్యాట్ 3, 600 వోల్టుల భద్రతా స్థాయి నిజంగా ఉన్న మీటరు, సిరామిక్ ఫ్యూజు, మందపాటి తీగలు ఉండాలి. నా కొత్త మీటరును కూడా ఆ పనికి ఇవ్వలేదు, ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాం.

మే

పాత మీటరుకు మంచి పని దొరికింది, లెడ్ యాసిడ్ బ్యాటరీ దగ్గర. ఇక్కడ 0.05 తేడాతో కొంపేమీ మునగదు. నిండిన 12 వోల్టుల బ్యాటరీ కొన్ని గంటలు ఊరకే ఉంచాక 12.7 దరిదాపుల్లో ఉంటుంది, 12.2కు వచ్చిందంటే సగం అయిపోయినట్టు. ఛార్జరు తీసిన వెంటనే కొలిస్తే ఎక్కువ చూపుతుంది, దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు.

మన ఊరి ఎండకు మాత్రం లెక్క మార్చాలి. ఫ్లోట్ వోల్టేజి (నిండిన బ్యాటరీని అలాగే నిలబెట్టే ఛార్జింగ్ వోల్టేజి) 13.6 అనేది 25 డిగ్రీలకు చెప్పిన మాట. వేడి ఒక్కో డిగ్రీ పెరిగే కొద్దీ ఒక్కో సెల్లుకు సుమారు 3 మిల్లీవోల్టులు తగ్గించాలి. ఆరు సెల్లులు, రేకుల షెడ్డులో 40 డిగ్రీలు, అంటే 0.27 తగ్గించి 13.33. అలా తగ్గించకపోతే బ్యాటరీ లోపలి నీరు వాయువులుగా విడిపోయి, అది త్వరగా ఎండిపోతుంది. మీటర్ల ఖచ్చితత్వం కూడా 23 డిగ్రీలకు అటూ ఇటూ 5 డిగ్రీల్లోనే ఇచ్చిన హామీ. అందుకే సెల్లుల కొలతలన్నీ తెల్లవారుజామునే, ఇంట్లో తీసుకుంటున్నాను.

ఇప్పుడు సెల్లులన్నీ 4.20 దాకా నింపి, ఒక్కోదాని మీద నంబరు, వోల్టేజి రాసి విడిగా పెట్టాను. జూన్‌లో మళ్లీ కొలిచి, మిగతావాటికంటే ఎక్కువ పడిపోయినవి పక్కన పెట్టేసి, నిలకడగా ఉన్నవాటితో ప్యాక్ కడతాను.