మగబాతుల గూడు: కప్పు మీది మంచు, కింది తడి

గూటిలో పరుపుగా వేసిన పొట్టు (లిట్టర్) ఈ ఉదయం కూడా తడిగానే ఉంది. గుప్పెడు పొట్టు తీసి నొక్కితే వేళ్ల సందుల్లోంచి నీరు ఊరింది, పైన రేకు నుంచి చుక్కలు రాలుతూనే ఉన్నాయి. ఒంటి మీద ఈకలు, పాదాల కింద పరుపు పొడిగా ఉన్నంతవరకు సున్నాకు దిగువన ఉండే చలిని కూడా మగబాతులు తేలికగానే తట్టుకుంటాయి. తడి పరుపు మీద రాత్రంతా కూర్చోవలసి వస్తే మాత్రం పాదాలు పుండ్లు పడతాయి, పొట్ట కింది ఈకలు అట్టకడతాయి, అమ్మోనియా ఘాటుకు కళ్లు నురగ కక్కుతాయి. మిగిలిన పనులన్నీ సజావుగా ఉన్నాయి: తాగునీరు గడ్డకట్టడం లేదు, గుడ్ల బాతుల దాణా మాన్పించి కాల్షియం తక్కువగా ఉన్న దాణాకు మార్చడం పూర్తయింది, మస్కోవీ జాతి బాతు ఎర్రటి ముఖచర్మం మీద మంచు దెబ్బ ఆనవాళ్లు లేవు.

గూడు పొడవు 1.8 మీటర్లు, వెడల్పు 1.2, ఎత్తు 1.2. అందులో ఉండేవి మూడు పెకిన్ జాతి బాతులు, ఒక మస్కోవీ. బయట మైనస్ 4 డిగ్రీలు ఉన్న ఉదయాన లోపల పెట్టిన తేమ మీటరు 3 డిగ్రీలు, తేమ 92 శాతం చూపించింది. మీటరును నమ్మవచ్చో లేదో తేల్చుకోవడానికి, తడిపిన ఉప్పుతో పాటు మూత బిగించిన డబ్బాలో ఒక రోజంతా ఉంచాను. ఆ గాలిలో తేమ 75 శాతం ఉండాలి, మీటరు 77 చూపించింది. ఖరీదైన మీటర్ల కంటే చవకరకం మీటరునే ఇలా సరిచూసుకుని వాడడం మేలని నా అభిప్రాయం.

గాలి ఆడకపోవడమే కారణమని మొదట అనుకున్నాను. బాతుల తల ఎత్తులో గాలి తగలకుండా, రెండు పక్కల గోడల్లోనూ కప్పుకు ఆనుకుని 60 సెంటీమీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న సందులు తెరిచి, సన్న కన్నాల ఇనుప వల బిగించాను. తేమ 85 శాతానికి దిగింది, కానీ లిట్టర్‌లో తేడా కనిపించలేదు. అప్పుడు తూకం మొదలుపెట్టాను. 30 సెంటీమీటర్ల చదరపు ట్రేలలో ఎండిన చిత్రికపొట్టు తూచి పోసి, రాత్రికి గూటిలో మూడు చోట్ల ఉంచాను. ఉదయానికి బాతులు గుమిగూడి పడుకునే మూలలోని ట్రే 110 గ్రాములు, నడుమ ఉన్నది 45, తలుపు దగ్గరిది 20 గ్రాములు బరువెక్కాయి. గూడు మొత్తానికి లెక్క కడితే ఒక్క రాత్రిలో కిలోకు పైగా చేరుతోంది. రాత్రి దాణా, నీరు రెండూ తీసేస్తున్నాను కనుక ఒలికిన నీటి మీద నెపం వేయడానికి వీల్లేదు. బాతు రెట్టలో సుమారు 90 శాతం నీరే ఉంటుంది. స్నానం చేసి వచ్చిన పెకిన్‌ను తూచి చూస్తే, ఈకల్లో దాగి లోపలికి వస్తున్న నీరు 40 నుంచి 50 గ్రాముల మధ్య తేలింది.

ఈ నీటిని గాలి ఎంతవరకు మోసుకుపోగలదో లెక్క వేసుకుంటే అసలు చిక్కు అర్థమైంది. బయటి గాలి తేమను 80 శాతంగా తీసుకుంటే, లోపలికి వచ్చి బయటకు వెళ్లే ప్రతి ఘనపు మీటరు గాలి రెండు గ్రాములకు కొంచెం పైగా మాత్రమే నీటిని పట్టుకుపోతుంది. గూటి ఘనపరిమాణం 2.6 ఘనపు మీటర్లే కాబట్టి, కిలో నీరు పోవాలంటే ఒక్క రాత్రిలో లోపలి గాలి దాదాపు 180 సార్లు మారాలి. అంత గాలి వీచే చోటును గూడు అనలేము. దీపం పెట్టి వేడి చేయమని చెప్పేవారున్నారు. పొడి పొట్టు పక్కన వేడి దీపం పెట్టడం నిప్పుతో చెలగాటమే కాక, వెచ్చని గాలి మరింత ఆవిరిని పట్టుకుని చల్లని రేకును తాకగానే వదిలేస్తుంది.

రేకు సంగతి వేరుగా తేలింది. రాత్రి పొద్దుపోయాక చూసినప్పుడు చుక్కలు ఉండేవి కావు, ఎండ పడిన తరువాతే రాలేవి. మబ్బు లేని రాత్రులలో రేకు చుట్టూ ఉన్న గాలి కంటే కూడా చల్లబడుతుంది కనుక, ఆవిరి దాని లోపలి వైపున మంచుగా పేరుకుని ఉదయం కరుగుతోందని నా అనుమానం. మబ్బు పట్టిన రాత్రుల తరువాత చుక్కలు దాదాపు లేకపోవడం దీనికి బలమిస్తోంది. రేకు మీద పాత దుప్పట్లు, వాటిపై టార్పాలిన్ పరిచినప్పుడు చుక్కలు ఆగాయి, కానీ ట్రేల బరువు మాత్రం తగ్గలేదు. ఇన్నాళ్లూ ఒకటే అనుకున్న బెడద నిజానికి రెండు.

కోళ్లకు పనికివచ్చే, పాతది తీయకుండా పైపైన కొత్త పొట్టు వేస్తూ పోయే మందపాటి లిట్టర్ పద్ధతి బాతులకు నప్పదని ఇప్పుడు గట్టిగా అనిపిస్తోంది. ఇంత నీరు పడే చోట, అందులోనూ చలిలో, అది కుళ్లి వేడెక్కడానికి బదులు ముద్దకడుతుంది. ఎండుగడ్డి పైకి పొడిగా కనిపిస్తుంది కానీ నీటిని అంతగా పీల్చదు, పైగా బూజు పడితే ఊపిరితిత్తులకు చేటు. అందుకని పడుకునే మూలలో అడుగున చెక్క పెల్లెట్లు (రంపపుపొట్టును నొక్కి చేసిన గుళికలు) 4 సెంటీమీటర్ల మందాన పోసి, పైన చిత్రికపొట్టు వేసి, ఆ మూల వరకు ప్రతి ఉదయం ఎత్తి పారేయాలని అనుకుంటున్నాను. స్నానపు తొట్టిని గూడు మూసే వేళకు రెండు గంటల ముందే తీసేస్తే ఈకలు దువ్వుకుని ఆరడానికి సమయం దొరుకుతుంది. రేకు కింద నురుగు పలకలు బిగించి, బాతులు వాటిని పొడిచి మింగకుండా ప్లైవుడ్‌తో కప్పాలి.

ఇవన్నీ పగలు పొడవెక్కక ముందే ముగియాలి. వెలుతురు పెరిగేకొద్దీ మగబాతుల హార్మోన్లు ఉప్పొంగి, ఇప్పుడు ఒకే మూలలో ఒదిగి పడుకుంటున్న ఈ నాలుగూ మెడలు పట్టుకుని పోట్లాడుకునే కాలం వస్తుంది. అప్పటికి గూటి నడుమ తీసిపెట్టడానికి వీలైన వల తడిక, దాని అడుగు భాగాన ఒకదానికొకటి కనబడకుండా అడ్డుపలక, ఆవరణలో రెండో నీటి తొట్టి సిద్ధంగా ఉండాలి. తడికకు వాడే వల 12 మిల్లీమీటర్ల కన్నాలదా, 25 మిల్లీమీటర్లదా అన్నది ఇంకా తేల్చుకోలేదు. ముక్కు దూర్చి పక్కవాటి ఈకలు పీకే మస్కోవీని చూస్తుంటే చిన్న కన్నాల వైపే మొగ్గుతున్నాను.