641 పెట్టి చూడు

నిద్ర పట్టడం లేదు. సాయంత్రం చిన్నాడు ఫోన్ తెచ్చి చూపించిన దగ్గర్నుంచీ ఇదే గొడవ. ఏదో యాప్‌లో 4294967297 కొట్టాడు. కింద వరసగా పేర్లు వచ్చాయి: బేసి సంఖ్య, సంయుక్త సంఖ్య, రెండు ప్రధాన సంఖ్యల లబ్ధం, రెండు వర్గాల మొత్తం, ఇంకా ఏవేవో. "అంతే, అయిపోయింది" అని వెళ్ళిపోయాడు.

అయిపోవడమేమిటి? ఆ సంఖ్యతో నేను ఒక సెలవులంతా గడిపాను. ఇచ్చింది నాన్న. 2 తీసుకుని వర్గం చేస్తూ పో (2, 4, 16, 256...), ఒక్కోదానికీ విడిగా ఒకటి కలుపు అన్నారు. 3, 5, 17, 257, 65537. అన్నీ ప్రధానాలే. తర్వాతిది ఇదే. 1640లో ఫెర్మా అనే ఫ్రెంచి గణితజ్ఞుడు ఇది కూడా ప్రధానమేనని నమ్మాడు, నువ్వు తేల్చు అన్నారు. అంకెల మొత్తం 59, కాబట్టి 3 పోయింది. 7, 11, 13... ఒక్కో భాగాహారానికి అరపేజీ. ప్రతిసారీ శేషం మిగిలేది. నాన్న పక్కన కూర్చుని తప్పులు మాత్రం దిద్దేవారు, ఎంత బతిమాలినా జవాబు చెప్పేవారు కాదు. రెండు వందలు దాటాక పెన్సిల్ విసిరేశాను. అప్పుడు చెప్పారు: దీన్ని భాగించే సంఖ్య ఏదైనా 64 గుణిజం కంటే ఒకటి ఎక్కువ ఉండి తీరాలని తర్వాత ఆయిలర్ అనే గణితజ్ఞుడు దారి పట్టుకున్నాడట. అలాంటి ప్రధానాలు 193, 257, 449, 577. తర్వాత 641. శేషం సున్నా, భాగఫలం 6700417.

అందుకే ఆ పేర్ల వరస చూస్తే ఒళ్ళు మండింది. ఎందుకు సంయుక్తమో ఒక్క ముక్క లేదు. పేరు తగిలించగానే తెలిసిపోయినట్టేనా? పిల్లవాడికి అడగాలన్న ఆలోచనే రాకుండా చేస్తోంది. రాత్రి భోజనాల దగ్గర కూడా ముభావంగానే ఉన్నాను.

ఇందాక అదే యాప్ మళ్ళీ తెరిచాను, తప్పు పట్టడానికే. 'రెండు వర్గాల మొత్తం' అన్నచోట 65536, 1 ఉన్నాయి. అది తెలిసిందే. దాని కింద ఇంకో జత: 62264, 20449. కాగితం మీద వాటి వర్గాలు కట్టాను. 3876805696, 418161601. కలిపితే సరిగ్గా అదే.

లేచి కూర్చున్నాను. ప్రధాన సంఖ్య దేన్నీ రెండు వర్గాల మొత్తంగా రెండు రకాలుగా రాయలేం. అంటే ఇది ప్రధానం కాదని ఆ రెండో జతలోనే ఉంది, ఒక్క భాగాహారం కూడా అక్కర్లేదు. భాగించే సంఖ్య కూడా ఆ జతల్లోంచే తీయొచ్చు. పెద్దవి 65536, 62264, చిన్నవి 20449, 1. తేడాలు 3272, 20448, వాటి గ.సా.భా. 8. మొత్తాలు 127800, 20450, వాటి గ.సా.భా. 50. ఆ 8నీ 50నీ సగం చేస్తే 4, 25. వాటి వర్గాలు 16, 625. కలిపితే 641!

నాన్న నాకు ఈ దారి చెప్పలేదు.

యాప్ మీద కోపం సగమే తగ్గింది. ఎందుకో అది ఇప్పటికీ చెప్పడం లేదు కదా. కానీ చిన్నాడితో ముభావంగా ఉండాల్సింది కాదు. పొద్దున వాడికి 641 చెప్పను. ఆ రెండు జతలూ కాగితం మీద రాసి ఫోన్ కింద పెట్టాను.