బెర్బెరా గొర్రెలు

ఆఫ్రికా తూర్పు కొమ్ములో, సోమాలియా నుంచి విడిపోయామని ప్రకటించుకున్న సోమాలీలాండ్‌లో పశువైద్యుడిగా పనిచేసి వచ్చాను. అక్కడి కాపరులు ఇంకా మనసులోనే ఉన్నారు. హజ్ సీజన్లో ఖుర్బానీ కోసం బెర్బెరా రేవు నుంచి నల్లతల గొర్రెలు, మేకలు ఓడల మీద సౌదీకి వెళ్తాయి. చాలా కుటుంబాలు ఆ అమ్మకాల మీదే ఆశ పెట్టుకుంటాయి. 2000లో రిఫ్ట్ వ్యాలీ జ్వరం (దోమల వల్ల పశువులకు వచ్చి, మనుషులకూ సోకే జబ్బు) భయంతో సౌదీ దిగుమతి ఆపేసింది. మళ్లీ ఒప్పుకున్నది 2009లో. అన్నేళ్లు ఆ మందల్ని ఎలా నెట్టుకొచ్చారో!

ఇప్పుడు క్వారంటైన్‌లో పెట్టి, రక్తపరీక్ష చేశాకే ఓడ ఎక్కిస్తారు. కానీ అసలు జాగ్రత్త మంద దగ్గరే మొదలవ్వాలి. పెద్ద వానల తర్వాత దోమలు, వాటితో ఈ జ్వరం పెరుగుతాయి. చూడి గొర్రెలు వరసగా ఈసుకుపోతుంటే (గర్భం పోతుంటే) వెంటనే పశువైద్యులకు కబురు చేయమని చెప్పేవాళ్లం. కబురు చేస్తే ఎగుమతి ఆగిపోతుందని కాపరుల టెన్షన్. అది న్యాయమైన భయమే. నష్టపరిహారం ఇవ్వకుండా పేదవాడిని జబ్బు బయటపెట్టమనడం తప్పని నా గట్టి అభిప్రాయం.

ఇంకోటి. హజ్ ఏటా సుమారు 11 రోజులు ముందే వస్తుంది. ఈమధ్య ఏళ్లలో వానల పచ్చికతో బలిసిన గొర్రెలు సమయానికి అందాయి. 2030ల్లో హజ్ 'జిలాల్' అనే వానల్లేని పొడి కాలంలో పడుతుంది. అప్పుడు మేత ఎక్కడిది? గడ్డి కోసి దాచుకోవడం, దానికి అప్పు పుట్టే దారి చూడటం ఇప్పుడే మొదలుపెట్టాలి.