సాగర్ డ్యామ్‌కు 17 గేట్లు నిలబడ్డాయి, ఇంకా 9

నాగార్జునసాగర్ డ్యామ్‌ను లెగో అనే ప్లాస్టిక్ బొమ్మ ఇటుకలతో కట్టడం మొదలుపెట్టి ఈ ఆదివారానికి ఏడు వారాలు. కట్టేది ముగ్గురం: నేను, నాలుగో తరగతి చదివే మావాడు, 72 ఏళ్ల మా నాయిన.

ఇటుకల్లో సగం నా చిన్ననాటివే. 1996లో మా మామ అమెరికా నుంచి వస్తూ ఒక డబ్బా తెచ్చాడు. మిర్యాలగూడలో మా గల్లీ మొత్తానికి అదొక్కటే. పెళ్లయి నల్లగొండ వచ్చేటప్పుడు చీరల పెట్టె అడుగున పెట్టుకుని తెచ్చుకున్నాను. ఈ ఇటుకకు డెన్మార్క్‌లో పేటెంట్ దరఖాస్తు పెట్టింది 1958 జనవరి 28న. ఒకదాని మీద ఒకటి పట్టుకునేలా ఇటుక పైన ఉండే బుడిపెల కొలత అప్పటి నుంచీ అదే. అందుకే నా పాత ఇటుక మీద మావాడి కొత్త ఇటుక టక్కున కూర్చుంటుంది. ఆ చప్పుడంటే నాకు ఇప్పటికీ ప్రాణం.

ముందు లెక్క వేసుకున్నాం. అసలు గేటు వెడల్పు దాదాపు 14 మీటర్లు. మా బొమ్మలో గేటుకు రెండు బుడిపెలు, పక్కన స్తంభానికి ఒకటి. 26 గేట్లు, 27 స్తంభాలు కలిపి 79 బుడిపెలు. బుడిపెకు 8 మిల్లీమీటర్లు కాబట్టి పొడవు 63 సెంటీమీటర్లు దాటుతుంది. అదే కొలతలో 124 మీటర్ల ఎత్తుకు 15 ఇటుకలు సరిపోతాయి. రెండు వైపులా ఉన్న మట్టి కట్టలు కూడా కట్టాలంటే మా హాలు చాలదు, గేట్ల భాగంతోనే ఆపేశాం. అడుగున 32 బుడిపెల పలకలు మూడు, వాటి కింద ప్లైవుడ్ చెక్క.

పాత ఇటుకలు కడగడానికి ఒక శనివారం పట్టింది. గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే లిక్విడ్, బట్టలుతికే జాలి సంచి. 40 డిగ్రీలు దాటితే ప్లాస్టిక్ వంకర పోవచ్చు. మా బోరు నీళ్లతో కడిగితే ఆరాక తెల్లటి మరకలు మిగిలాయి, చివరి విడత ఫిల్టర్ నీళ్లతో జాడించాం. ఎండలో పెట్టొద్దు, రంగు పచ్చబడుతుంది. ఫ్యాన్ కింద పాత లుంగీ మీద పరిచి ఆరబెట్టాం.

నాలుగో వారం కట్ట విరిగింది. ఒక్కో గేటును విడిగా కట్టి పక్కపక్కన నిలబెట్టాను, పైన మాత్రం పల్చటి లెగో ప్లేట్లతో కలిపాను. బల్ల మీద నుంచి అల్మారాలోకి ఎత్తుతుంటే 11వ గేటు దగ్గర రెండు ముక్కలైంది. మొదటి పలక అంచు వచ్చేది సరిగ్గా అక్కడే. మావాడు ఏడుపు మొహం పెట్టాడు. నాయిన కళ్లద్దాలు పెట్టుకుని విరిగిన చోటు చూశాడు.

"బిడ్డా, జోడు మీద జోడు పడ్డది. గోడ ఎట్ల నిలుస్తది?" అంటే కింది వరుస అతుకు మీదే పై వరుస అతుకు పడిందని.

నాయిన నలభై ఏళ్లు సుతారి పని చేశాడు. తాత అంతకుముందు సాగర్ డ్యామ్‌లోనే రాయి పేర్చాడు. 1955లో పునాది పడ్డ ఆ కట్ట రాతికట్టడం. పదేళ్ల పిల్లాడిగా తాతకు సద్ది మోసుకెళ్లిన రోజులు నాయిన మనవడికి చెబుతుంటే నేనూ పని ఆపి విన్నాను.

మొత్తం విప్పేశాం. ఈసారి కింది తొమ్మిది వరుసలు ఒకే గోడ. రెండు నాలుగుల ఇటుకలనే (రెండు బుడిపెల వెడల్పు, నాలుగు బుడిపెల పొడవు) వాడాం, ప్రతి వరుసా కింది దానికి రెండు బుడిపెలు జరిపి పెట్టాం. పలకలు కలిసే చోట రెండు ఎనిమిదుల ఇటుక అడ్డంగా వేశాం. పలకలు ఒకదానికొకటి వాటంతట అవి పట్టుకోవు, ఇటుకే పట్టాలి. గోడ వెనక ఖాళీని మావాడి చిన్నప్పటి డూప్లోలతో, అంటే పసిపిల్లల కోసం చేసే పెద్ద లెగో ఇటుకలతో నింపాం. డూప్లో అన్ని కొలతల్లోనూ రెండింతలు కాబట్టి నాలుగు పేరిస్తే ఎనిమిది వరుసల ఎత్తు వస్తుంది, మామూలు ఇటుక దాని మీద కూర్చుంటుంది కూడా. బూడిద రంగు ఇటుకలు చాలా మిగిలాయి.

బూడిద రంగుతో ఇంకో చిక్కు. 2004 ప్రాంతంలో లెగో ఆ రంగును కొంచెం నీలం కలిసినట్టు మార్చింది. నా పాతవి, కొత్తవి పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుంది. వరుసగా పెడితే చారలు పడ్డాయి, కలగలిపి పెడితే రాతి గోడ లాగే ఉంది.

గేట్లలో ఆరింటికే కీలు ముక్కలు దొరికాయి. అవి పై నుంచి వేలాడుతూ ముందుకు తెరుచుకుంటాయి, మిగతావి కదలవు. అసలువి చాపంలా తిరుగుతూ పైకి లేస్తాయి, ఆ పద్ధతి మాకింకా కుదరలేదు. నీళ్లకు తెల్లటి వాలు ముక్కలు పెడుతున్నాం. అవి 22 తక్కువ పడ్డాయి.

నిన్న రాత్రి 17వ గేటు పెట్టాక నాయిన రసమట్టం తెచ్చి కట్ట మీద పెట్టాడు. ఎడమ చివర ఒక వెంట్రుక వాసి ఎత్తుంది. చెక్క కింద అట్టముక్క పెట్టి సరిచేశాకే మావాణ్ణి పడుకోనిచ్చాడు.