టెరస్డ్ హౌస్‌కి డాబా ఉండదు

గుంటూరులో మా ఇంటి పై పోర్షన్‌లో సాయంత్రాలు ఐఈఎల్‌టీఎస్, అంటే విదేశాలకి వెళ్లేవాళ్లు రాసే ఇంగ్లీషు పరీక్షకి పాఠాలు చెప్తుంటాను. వచ్చేవాళ్లలో ఎక్కువమంది బ్రిటన్‌లో ఎమ్మెస్సీ చదవబోయే పిల్లలు, కొందరు నర్సులు. ఇంటికి సంబంధించిన మాటలు నేర్పడం కోర్సు మొత్తంలో తేలిక పాఠమని మొదటి రెండేళ్లూ అనుకున్నాను. కిచెన్, బెడ్‌రూమ్ తెలియనివాళ్లెవరు? స్పీకింగ్ పరీక్ష మొదటి నాలుగైదు నిమిషాల్లో సొంత ఇంటి గురించి అడగడం మామూలే కాబట్టి, ఒక గంట కేటాయించి, బొమ్మల చార్టు తగిలించి, అయిందనిపించేదాన్ని.

ఆ చార్టులో ఇంటికి పొగ గొట్టం ఉంది, ఫైర్‌ప్లేస్ ఉంది, ఏటవాలు కప్పు కింద ఆటిక్ అనే గది ఉంది. తెనాలి వైపు పల్లె నుంచి వచ్చే ఒకమ్మాయి క్లాసయ్యాక ఆగి అడిగింది: "మేడమ్, మా ఇంట్లో డైనింగ్ రూమ్ లేదండి. వంటింట్లోనే కింద కూర్చుని తింటాం. పరీక్షలో ఉందని చెప్పెయ్యనా?"

ఉన్నది ఉన్నట్టు చెప్పమ్మా అన్నాను. కిందకి మెట్లు దిగుతుంటే తట్టింది, ఉన్నది చెప్పడానికి ఆ పిల్లకి నేనొక్క మాటా ఇవ్వలేదని.

తర్వాతి బ్యాచ్‌కి చార్టు తీసేశాను. తలా ఒక తెల్లకాగితం ఇచ్చి, మీ ఇల్లు గీసి పేర్లు తెలుగులోనే రాయమన్నాను. అరుగు, వసారా, నడవ, అటక, సజ్జ, గడప, దొడ్డి అన్నీ వచ్చాయి. ఒకబ్బాయి వాళ్ల తాతగారి మండువా ఇల్లు గీశాడు. వసారాకీ పంచకీ తేడా ఏమిటన్నదాని మీద పావుగంట వాదించుకున్నారు. తెలుగు క్లాసో ఇంగ్లీషు క్లాసో నాకే తెలియలేదు, కానీ చార్టు ముందు నోరు విప్పనివాళ్లు కూడా ఆరోజు మాట్లాడారు.

అక్కణ్ణుంచి ఇంగ్లీషులోకి వెళ్లాం. కొన్ని సులువుగా కుదిరాయి. అటకని లాఫ్ట్ అన్నాం, మండువా మధ్య ఆకాశం కనపడే చోటుని కోర్ట్‌యార్డ్ అన్నాం. అరుగు దగ్గర బండి ఆగింది. ప్లాట్‌ఫామ్ అంటే రైలొస్తుందని అందరూ నవ్వారు. చివరికి ఒక పద్ధతి పెట్టుకున్నాం. పేరు దొరకకపోతే అది ఎక్కడుంటుందో, ఎవరు వాడతారో, ఎప్పుడు వాడతారో చెప్పాలి. ఇంటి ముందు గోడ వెంట ఎత్తుగా కట్టి ఉంటుంది, పొద్దు వాలాక మా నానమ్మ అక్కడ కూర్చుని వచ్చేపోయేవాళ్లని పలకరిస్తుంది అని ఇంగ్లీషులో రెండు వాక్యాలు. పరీక్షలో మార్కులిచ్చే నాలుగు అంశాల్లో పదసంపద ఒకటి. తెలియని మాటని ఇలా చుట్టు తిరిగి చెప్పగలగడాన్ని కూడా అందులో లెక్కలోకి తీసుకుంటారు. తెనాలమ్మాయికి ఇది ముందే చెప్పి ఉండాల్సింది.

ఇంతటితో గట్టెక్కాననుకున్నాను. అసలు తంటా తెలియని మాటలతో కాదు, తెలిసినవాటితోనే అని ఒక ఫోను వచ్చాక అర్థమైంది. ఇంగ్లండ్‌లోని లెస్టర్ వెళ్లిన పాత విద్యార్థి చేశాడు. "మేడమ్, టెరస్డ్ హౌస్ అని రాసి ఉంటే, బట్టలారేసుకోవడానికి పైన డాబా ఉంటుంది కదా అని ముగ్గురం కలిసి తీసుకున్నాం. పైకి చూస్తే అంతా వాలు పెంకులే!"

తప్పు వాడిది కాదు. మనకి టెరస్ అంటే డాబా. అక్కడ టెరస్డ్ హౌస్ అంటే గోడకి గోడ ఆనించి వరసగా కట్టిన ఇళ్లలో ఒకటి. రెండిళ్లు మాత్రమే అంటుకుని ఉంటే సెమీ డిటాచ్డ్, ఏదీ ఆనకుండా విడిగా ఉంటే డిటాచ్డ్. మనం ఇండివిడ్యువల్ హౌస్ అంటామే, అదే ఈ మూడోది.

ఆ రాత్రి కూర్చుని మనం తెలుగులో తెలుగు మాటల్లాగే వాడేసుకునే ఇంగ్లీషు మాటలన్నీ రాసుకున్నాను. హాల్ అంటే మనకి టీవీ ఉండే ముందు గది. బ్రిటన్‌లో వాకిలి తీయగానే వచ్చే సన్న దారి, చెప్పులూ కోట్లూ విడిచే చోటు. బంగళా అంటే మనకి జమీందారు మేడ. అక్కడ మెట్లే లేని ఒంటి అంతస్తు ఇల్లు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వెతుక్కునేది. ఆ మాట పుట్టింది బెంగాల్ పేరు మీద, మొదట్లో దానర్థం కూడా ఒంటి అంతస్తు ఇల్లే. అపార్ట్‌మెంట్ అంటే మనకి బిల్డింగ్ మొత్తం, అమెరికాలో అందులో ఒక్క ఇల్లు. బీహెచ్‌కే, పోర్షన్ అన్నవి అక్కడ ఎవరికీ ఎక్కవు. ఇక "మా ఇల్లు రామాలయం బ్యాక్‌సైడ్" అన్న వాక్యాన్ని నా క్లాసులో పూర్తిగా నిషేధించాను. బ్యాక్‌సైడ్ అంటే అక్కడ ఒంట్లో కూర్చునే భాగమని చెప్పాక మళ్లీ ఎవరూ అనలేదు, రామాలయం వెనకాల బిహైండ్ స్థిరపడింది.

అంతకంటే పెద్ద చర్చ దిక్కుల మీద జరిగింది. మనవాళ్లు ఇల్లు అనగానే తూర్పు ముఖం అంటారు, దక్షిణమంటే మొహం చిట్లిస్తారు. బ్రిటన్ ఇళ్ల ప్రకటనల్లో సౌత్ ఫేసింగ్ గార్డెన్ అని గొప్పగా వేస్తారు, ఎండ ఎక్కువసేపు పడేది అటే కాబట్టి. ఒక నర్సమ్మ, వయసులో నాకంటే పెద్దావిడ, "వాస్తు కూడా వీసా తీసుకోవాలన్నమాట" అంది.

చివరి రెండు రోజులూ అద్దె మాటలకే ఇచ్చాను. నేను ఏజెంటుని, వాళ్లు ఫోను చేస్తారు. ఓనర్‌ని ల్యాండ్‌లార్డ్ అనడం, అడ్వాన్సుని డిపాజిట్ అనడం త్వరగానే వచ్చింది. ఫర్నిష్డ్ దగ్గర మళ్లీ ఆగాం. హైదరాబాదులో సెమీ ఫర్నిష్డ్ అంటే ఫ్యాన్లు, అల్మరాలు ఉంటే చాలు. అక్కడ ఫర్నిష్డ్ అంటే మంచం, సోఫా దాకా ఉండాలి. అన్నిటికన్నా అవసరమైనది లెక్క. ప్రకటనల్లో పీడబ్ల్యూ అంటే వారానికి, పీసీఎం అంటే క్యాలెండర్ నెలకి. వారానికి 120 పౌండ్లంటే నెలకి 480 అని అందరూ నాలుగుతో గుణించారు. 52 వారాలని 12 నెలలకి పంచితే 520 వస్తుంది. ఆ 40 పౌండ్లు బోర్డు మీద రాసేసరికి క్లాసు నిశ్శబ్దమైపోయింది. ఇంగ్లండ్‌లో 2019 చట్టం ప్రకారం మామూలు అద్దెలకి డిపాజిట్ 5 వారాల అద్దె దాటకూడదని, ఇంకో చట్టం ప్రకారం దాన్ని 30 రోజుల్లోగా ప్రభుత్వం ఆమోదించిన పథకం కింద భద్రపరచాలని కూడా చెప్పాను. ఇంట్లో ఉండేవాళ్లంతా ఫుల్‌టైమ్ విద్యార్థులైతే కౌన్సిల్ ట్యాక్స్, అంటే ఇంటి మీద స్థానిక సంస్థ వేసే పన్ను, పడదన్నది వాళ్లకి అన్నిటికంటే నచ్చిన వాక్యం.

తెనాలమ్మాయి ఇప్పుడు కోవెంట్రీలో ఉంది. టెరస్డ్ ఇల్లే, తెలిసే తీసుకుంది. మొన్న వాట్సాప్‌లో ఫొటో పెట్టి రాసింది: "అరుగు లేదు మేడమ్, గుమ్మం ముందు మెట్టు మీద కూర్చున్నా. పక్కింటావిడ పోతూ పోతూ యూ ఆల్‌రైట్ అని అడిగింది. నా మొహం అంత దిగాలుగా ఉందా అని భయపడి అద్దం చూసుకున్నా."

అది అక్కడ ఊరికే పలకరింపమ్మా అని జవాబిచ్చాను. అది నేను పాఠంలో చెప్పలేదు. కొత్త బ్యాచ్ సోమవారం మొదలవుతోంది, అరుగు పక్కన దాన్నీ రాసుకున్నాను.